తోటికోడలి బాత్రూం

ఎదురింటి బాత్రూంలో డ్రిల్లింగ్ మిషను గుర్రుమన్నప్పుడల్లా పెద్దావిడకు తన కడుపులోనే కన్నం పెడుతున్నట్టుంది. చూడకూడదనుకుంటూనే వెళ్ళి చూసింది. చూసి మరీ కుళ్ళుకుంది.

ఎదురింటావిడ పరాయిదైతే ఇంత బాధ లేదు. సొంత తోటికోడలు.

వయసు మళ్ళినవాళ్ళకూ, కాలూ చెయ్యీ సరిగా సాగనివాళ్ళకూ తక్కువ అద్దెకిచ్చే ఆ పాత భవనాన్ని కూలగొట్టకుండా బాగుచేస్తున్నారు. పెచ్చులూడిన కప్పులకు సిమెంటు, కారిపోయే పైపులకు బదులు కొత్త పైపులు. అంతవరకూ అందరికీ సమానమే. చక్రాల కుర్చీలో తిరిగే చిన్నావిడకు మాత్రం బాత్రూం గోడలకు పట్టుకోవడానికి మెరిసే స్టీలు కడ్డీలు, కూర్చుని స్నానం చేయడానికి గోడకే మడిచిపెట్టే పీట, కుర్చీలోంచే వండుకునేలా కిందికి దించిన వంటగట్టు. పెద్దావిడకు దక్కింది గోడలకు సున్నం. అదీ ఒక్క పూతే.

"ఎలా ఉందక్కయ్యా?" కొత్త కడ్డీని నిమురుతూ అడిగింది చిన్నావిడ.

"బస్సులో కడ్డీలా ఉంది."

"మరే. కాకపోతే ఇందులో నాకు సీటు కూడా దొరికింది."

పెద్దావిడ విసవిసా ఇంటికొచ్చి తన బాత్రూం తలుపు తీసింది. నిన్నటిదాకా బాగానే ఉన్న బాత్రూం ఇవాళ పశువుల కొట్టంలా కనిపించింది. తను ఇంటికి పెద్దకోడలు. ఏదొచ్చినా ముందు తనకు రావాలి, మిగిలితే చిన్నదానికి. అన్నం వడ్డించే దగ్గర్నుంచి ఆటోలో కూర్చునే దాకా ఎన్నడూ తప్పని ఆ వరస ఒక బాత్రూం దగ్గర తప్పిపోతే చూస్తూ ఊరుకోవడమా?

మెట్ల మీద ఈ మరమ్మతులు చూసే ఇంజనీరమ్మ చెప్పుల చప్పుడు వినగానే పెద్దావిడ కుంటడం మొదలుపెట్టింది. ఏ కాలన్నది ముందుగా అనుకోలేదు గనక రెండిటితోనూ కుంటింది.

ఇంజనీరమ్మ చిన్నపిల్ల, మంచిపిల్ల. ఈ అంతస్తుకు ఇంకొక్క ఇంటికి సరిపడా సామానే మిగిలిందనీ, అది నిజంగా అవసరమున్నవాళ్ళకే ఇవ్వాలనీ, మొన్న మీరు నాకంటే ముందే మెట్లెక్కేశారు కదా అనీ నసిగింది. అది మొన్నటి మాట అంది పెద్దావిడ. ఇప్పుడు నడుము వంగదనీ, వంగితే లేవదనీ, కుళాయి తిప్పబోతే తన మణికట్టే తిరుగుతోంది గానీ కుళాయి తిరగడం లేదనీ, పొయ్యి మీద గిన్నె దించాలంటే ఒళ్ళంతా వణుకనీ ఏకరువు పెట్టింది. ఆయాసం కూడా కలుపుదామనుకుంది గానీ, ఊపిరి తీసుకోకుండా అంతసేపు మాట్లాడాక నమ్మరేమోనని మానేసింది.

ఇంజనీరమ్మ ముఖం జాలితో మెత్తబడిపోయింది. "అయితే పెద్దమ్మా, మీరు ఒంటరిగా ఉండలేకపోతున్నారన్నమాట."

పెద్దావిడ ఎదురింటివైపు చూసింది. తెరిచి ఉన్న తలుపులోంచి స్టీలు కడ్డీ తళుక్కుమంది.

"ఒక్క పూట కూడా ఉండలేనమ్మా."

"ముందే చెప్పొచ్చు కదండీ. ఇంక దిగులు పెట్టుకోకండి. చిన్నమ్మగారింట్లో ఉన్నవన్నీ రేపట్నుంచి మీకూ ఉంటాయి."

ఇంజనీరమ్మ అటు వెళ్ళిందో లేదో పెద్దావిడ కుంటడం మర్చిపోయి వరండా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిరిగి అందరికీ చెప్పుకొచ్చింది. అడగనిదే అమ్మయినా పెట్టదంది. అడిగే తీరులో అడిగితే ఎవరైనా పెడతారంది. చెప్పాల్సిన గుమ్మం ముందుకు మాత్రం సాయంత్రం తీరిగ్గా, తల దువ్వుకుని మరీ వెళ్ళింది.

"నీకొక్కదానికే అనుకోకు చెల్లాయ్. నీకున్నదంతా నాకూ వస్తోంది."

"ఇంజనీరమ్మ చెప్పిందక్కయ్యా. నన్నూ అడిగింది. సరేనన్నాను."

"నా ఇంటికి నీ సరే ఎందుకు?"

చిన్నావిడ నవ్వి కుర్చీ లోపలికి తిప్పుకుంది. పెద్దావిడ దాన్ని ఓటమి కింద లెక్కేసుకుని, ఆ రాత్రి సుఖంగా నిద్రపోయింది.

తెల్లారాక మేస్త్రీ ఇద్దరు కూలీలతో వచ్చి సామాను సర్దుకోమన్నాడు. సర్దుకోమనడమే ఆలస్యం, పెద్దావిడ గిన్నెలు గోతంలోకి, చీరలు పెట్టెలోకి ఎక్కించేసింది. మంచం ఇక్కడే ఉంటే కిందికి దించిన వంటగట్టు ఎక్కడ కడతారు, ముందది బయటికి తీయండని తనే పురమాయించింది. కోడు విరగ్గొట్టారంటే ఊరుకోనని హెచ్చరిస్తూ వాళ్ళ వెనకే వచ్చింది.

కూలీలు మంచం మోసుకుంటూ వరండాలోకొచ్చి ఆగారు. ఎటు వెయ్యాలని మేస్త్రీ అడిగాడు. చెప్పడానికి పెద్దావిడ నోరు తెరిచింది గానీ మేస్త్రీ చూస్తున్నది ఆమె వైపు కాదు.

"నా మంచం కిటికీ దగ్గర్నుంచి కదపొద్దు," ఎదురింటి గుమ్మంలోంచి చెప్పింది చిన్నావిడ. "మా అక్కయ్యది తలుపు వారగా వెయ్యండి."