ఆగిన లిఫ్టులో పెద్దాయన

లిఫ్టు మూడో అంతస్తు దాటిందో లేదో, ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

లోపల ముగ్గురే ఉన్నారు. సిటీ బస్సు నడిపే డ్రైవరు, ఎనిమిదేళ్ళ అతని కూతురు, మూలన ఎవరో తెల్ల చొక్కా పెద్దాయన.

డ్రైవరు వాచీ చూసుకున్నాడు. పదికి ఐదు నిమిషాలు తక్కువ.

సరిగ్గా పదింటికి ఐదో అంతస్తులో డాక్టరమ్మ దగ్గర వాళ్ళ వంతు. రెండుసార్లు పరీక్షలు చేసి, పాప సంగతేమిటో ఇవాళ తేల్చి చెబుతానంది. పదకొండింటికి ఆవిడ ఊరెళ్ళిపోతుంది. మళ్ళీ రెండు నెలలకి గానీ రాదు.

రేపటికల్లా డాక్టరు ఉత్తరం తేకపోతే పాపని బళ్ళో ఉంచుకునేది లేదని హెడ్మాస్టరు తెగేసి చెప్పాడు.

డ్రైవరు అలారం బటన్ నొక్కి పట్టుకున్నాడు. ఆ మోతకి పాప రెండు చెవులూ మూసుకుంది.

"ఏం కాదు తల్లీ. ఒక్క నిమిషంలో తలుపు తెరుచుకుంటుంది."

పాప లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అరవై దాకా వచ్చింది.

"నిమిషం అయిపోయింది."

"ఇంకొక్క నిమిషం, బంగారం."

మళ్ళీ అరవై. తలుపు కదల్లేదు. మోత ఆగలేదు.

"అబద్ధం చెప్పావు! నిమిషం అన్నావు! నిమిషం అన్నావు!"

అరుస్తూ తలని వెనక్కి గోడకేసి కొట్టుకుంది. డ్రైవరు బటన్ వదలకుండానే రెండో చేత్తో చటుక్కున వాటేసుకున్నాడు. అతనెంత బిగించి పట్టుకుంటే పిల్ల అంతగా గింజుకుంది.

"బటన్ వదలండి," అన్నాడు పెద్దాయన.

వీళ్ళవైపు చూడనైనా లేదు. గోడకి మొహం పెట్టి నిలబడ్డాడు.

"వదిలేస్తే మనం ఇరుక్కున్నామని ఎలా తెలుస్తుందండీ?"

"తెలిసింది. కింద ఎవరో కేకేశారు. వదలండి. పాపని కూడా వదలండి."

"తల పగలగొట్టుకుంటుందయ్యా!"

"తల వెనక మీ సంచి పెట్టండి. చేతులు తియ్యండి."

దిక్కుతోచక డ్రైవరు అలాగే చేశాడు. మోత ఆగింది. పాప అరుపు మాత్రం ఆగలేదు.

"పాపా, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో మీ నాన్నకి తెలియదు. నాకూ తెలియదు," అన్నాడు పెద్దాయన.

డ్రైవరుకి ఒళ్ళు మండిపోయింది.

"అసలే పిల్ల హడలి చస్తుంటే ఏమిటండీ ఆ మాటలు? మీకు పిల్లలున్నారా?"

"లేరు."

"అదీ సంగతి! ఉంటే తెలిసేది!"

పెద్దాయన నొచ్చుకున్నట్టు కూడా లేదు.

"తెలిసింది చెబుతాను. లిఫ్టు కింద పడదు. పై సందులోంచి గాలి వస్తుంది. మెకానిక్కు వచ్చి తలుపు తీస్తాడు. ఎంతసేపో తెలియదు."

అరుపు సగంలో ఆగింది.

"తాడు తెగితే?" అంది పాప, ఎక్కిళ్ళ మధ్య.

"ఒక తాడు కాదు. చాలా ఉంటాయి. ఒకటి తెగితే మిగతావి ఆపుతాయి."

"ఎన్ని ఉంటాయి?"

"ఈ లిఫ్టుకి ఎన్నో నాకు తెలియదు."

పాప చెవుల మీంచి చేతులు తీసింది. ఇంకో ప్రశ్న వేసింది. ఆయన గోడకే జవాబు చెప్పాడు. అలా ఇరవై నిమిషాలు.

డ్రైవరు చూస్తూనే ఉన్నాడు. పెద్దాయన చొక్కా వెనక చెమటతో తడిసి ముద్దయింది. వేళ్ళు ప్యాంటు కుట్టు మీద ఆగకుండా పైకీ కిందకీ కదులుతున్నాయి. ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాడు.

పదీ ఇరవైకి మెకానిక్కు తలుపు తీశాడు.

"వెళ్తున్నాను," అంది పాప.

"సరే," అన్నాడు పెద్దాయన గోడవైపే చూస్తూ.

"ముందు పిల్లలతో మాట్లాడటం నేర్చుకోండి!" అనేసి డ్రైవరు కూతుర్ని లాక్కుని మెట్ల మీద పరుగెత్తాడు.

ఐదో అంతస్తులో బల్ల దగ్గర నర్సు తల అడ్డంగా ఊపింది.

"మీ వంతు దాటిపోయిందండీ. పదిన్నరకి వేరేవాళ్ళున్నారు. ఆ తర్వాత డాక్టరుగారు ప్రయాణం."

"లిఫ్టులో ఇరుక్కుపోయామమ్మా! రేపు పిల్లని బళ్ళోంచి తీసేస్తారు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నేనేం చెయ్యగలను? వాళ్ళూ నెలల ముందు రాయించుకున్నవాళ్ళే."

ఇంట్లో పెళ్ళాంతో ఏమని చెప్పాలి? డ్రైవరు బెంచీ మీద కూలబడ్డాడు.

ఐదు నిమిషాలకి నర్సే వచ్చి పిలిచింది.

"లేవండి, లేవండి. మీ అదృష్టం. పదిన్నర వాళ్ళు ఇవాళ వద్దనుకున్నారు."

లోపల డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది.

"దీన్ని ఆస్పర్జర్స్ అంటారు. ఆటిజంలో ఒక రకం. పాపది మొండితనం కాదు, మీ పెంపకంలో లోపమూ లేదు. పెద్ద మోత తనకి నిజంగా నొప్పి. బెదిరినప్పుడు గట్టిగా పట్టుకోకండి. మీరు నిమిషం అంటే తనకి అరవై సెకన్లే. తెలియనప్పుడు తెలియదనే చెప్పండి."

డ్రైవరుకి లిఫ్టు గుర్తొచ్చింది. ఈ మాటలన్నీ ఇందాక విన్నవే. విని, తిట్టి వచ్చినవే.

ఉత్తరం జేబులో పెట్టుకుని గబగబా బయటికొచ్చాడు. నడవా అంతా వెతికాడు. పెద్దాయన లేడు.

"అమ్మా, తెల్ల చొక్కా ఆయన ఒకరు మాతోపాటు లిఫ్టులో ఉన్నారు. ఆయన కూడా ఇక్కడ డాక్టరేనా? ఓ మాట చెప్పుకోవాలి," అన్నాడు నర్సుతో.

నర్సు రాస్తున్న కలం ఆపింది.

"డాక్టరు కాదండీ, ఆ పదిన్నర వంతు ఆయనదే, పుట్టినప్పటినుంచి తను ఎందుకిలా ఉన్నారో తెలుసుకుందామని యాభై ఎనిమిదో ఏట మొదటిసారి వచ్చి, మీరు నన్ను బతిమాలుతుంటే వెనక నిలబడి విని, పాపని పంపమని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయారు."