స్తోత్రం చెప్పిన గొంతు

మా ఊళ్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది మా కుటుంబమే. లాక్‌డౌన్‌లో, ఈ పరాయి దేశంలో, ఆడమ్స్‌టౌన్ ఫ్లాట్‌లో ఒంటరిగా కూర్చుని, ఆ వంశాన్నంతా పాత మిషన్ రికార్డుల్లో వెతికి పట్టుకున్నాను. ఆ రాత్రి జూమ్‌లో కుటుంబ ప్రార్థన. అందర్నీ మ్యూట్‌లో పెట్టి పేర్లు చదివాను.

"పేరయ్య. దేవసహాయం..."

పోయినవాళ్ల ప్రతి పేరుకీ ఒక ముసలి గొంతు "స్తోత్రం" అంది. ఒంగోలులో ఉన్న జోజి బాబాయి మ్యూట్ తీసేశాడనుకున్నాను. బతికున్నవాళ్ల పేర్లకు మాత్రం అది పలకలేదు.

బాబాయి మెసేజ్ పెట్టాడు: "విజయా, మేమంతా మ్యూట్‌లో ఉన్నాం కదమ్మా, ఆ స్తోత్రం ఎవరిది?"

చివరి పేరు మిగిలింది. జయకర్, నా తమ్ముడు. ఇక్కడే ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. నేను నర్సునే అయినా నన్ను లోపలికి రానివ్వలేదు.

చదవకపోతే వాణ్ణి బతికున్నవాళ్లలోంచి నేనే తీసేసినట్టు. ఒళ్లు మండింది.

"జయకర్!" అన్నాను గట్టిగా.

స్పీకర్‌లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"వీడికి నువ్వు చెప్పక్కర్లేదు తాతా!" అని అరిచి అందర్నీ అన్‌మ్యూట్ చేశాను. "పాట ఎత్తుకోండి. ఎవరూ ఆపొద్దు!"

ఇంకా పాడుతూనే ఉన్నాం. ఊపిరి కోసం అందరం ఒక్కసారి ఆగితే చాలు, ఆ గొంతు "స్తో..." అని మొదలుపెడుతోంది.