రెండో మేకు

మా ఆయనకు సముద్రమూ బొగ్గుబాయే.

ఇల్లందు గనిలోకి దిగేవాళ్లు తమ ఇత్తడి బిళ్లను మేకుకు తగిలించి దిగాలి, పైకొచ్చాక తీసుకోవాలి. బిళ్ల మిగిలిందంటే మనిషి లోపల చిక్కుకున్నట్టే. రెండువేల ఆరులో రిటైరైనా ఆయనకు ఆ పిచ్చి వదల్లేదు. పాత మెటాడోర్ వ్యానులో మంచమూ పొయ్యీ పెట్టించి, తలుపు పక్కన రెండు మేకులు కొట్టాడు. ఒకటి నా బిళ్లకు, ఒకటి తన బిళ్లకు.

పిల్లల సెలవులకు భద్రాచలం దాటించని మనిషి ఇప్పుడు చలికాలం రాగానే నన్ను దక్షిణానికి తిప్పుతాడు. తిప్పడమే, తను దిగడు. మదురైలో అంతే, రామేశ్వరంలో అంతే. స్టీరింగు ముందు కూర్చుని నా బిళ్లకు కాపలా కాస్తాడు. రెండో మేకు ఎప్పుడూ ఖాళీయే.

కన్యాకుమారిలో మళ్లీ అదే పాట. "బిళ్ల తగిలించి పో. జల్దీ రా."

"ఇది బాయి గాదు, సముద్రం! నీకు దిగే దమ్ము లేదు, నన్నెందుకు సతాయిస్తవ్?"

తగిలించి వెళ్లాను. నీళ్లలో కాళ్లు తడుపుకుని, కావాలనే వ్యాను దగ్గరికి రాకుండా బజారుకు పోయి గవ్వల దండలు బేరమాడాను. ఏడవనీ అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి వ్యానులో ఆయన లేడు. ఒడ్డున జనం గుమిగూడారు. ఈత రాని నా మొగుడు చొక్కాతోనే నడుములోతు నీళ్లలో నిలబడి, "కొమురమ్మా! కొమురమ్మా!" అని అలలను పిలుస్తున్నాడు.

"ఓ పిచ్చోడా, నేనీడున్న! బయటికి రా!"

వచ్చాడు. నీళ్లోడుతూ నేరుగా వ్యాను దగ్గరికి నడిచాడు. తిట్టుకుంటూ వెనకే వెళ్లాను.

తలుపు పక్కన నా బిళ్ల అలాగే ఉంది. రెండో మేకుకు, దిగేముందు తగిలించి వెళ్లిన ఆయన బిళ్ల.