రెప్ప మీద పట్టీ

"నాయనా, ఇంగ ఎత్తుతాండారు. అమ్మను కడసారి చూసుకో," అంది కూతురు.

కాళ్ల దగ్గర కూర్చున్న రంగస్వామికి శివలీల పసుపు పాదాలే కనిపించాయి. పైరెప్పల తోలు సాగి కళ్ల మీదికి జారి కొన్నేళ్లయింది. రోజూ పొద్దున్నే శివలీల ఆ తోలును వేలితో పైకెత్తి ప్లాస్టరు పట్టీ అంటించేది. ఈ పొద్దు ఎవరూ అంటించలేదు.

"కర్నూల్లో ఆపరేషన్ చేయించుకోమని అమ్మ ఎంత మొత్తుకునింది! శెనక్కాయలు పెరికినాక అంటివి, పీర్ల పండగ అయినాక అంటివి. అంత భయమేమి నాయనా?" కూతురు ఏడుస్తూనే పట్టీ చింపింది. "ఇట్ల తిరుగు, నేనంటిస్తా."

"వద్దులేమ్మా."

పట్టీ అంటించుకోవడం అతనికి వచ్చు. డాక్టరు మొదటిరోజే నేర్పాడు. ఇంటికొచ్చాక మాత్రం చేతకానట్టే ఉండిపోయాడు. అంటించేటప్పుడు శివలీల ఊపిరి బిగబట్టి, ముఖం అతని ముఖానికి ఆనించినంత దగ్గరగా తెచ్చేది. ఆపరేషన్ అయిపోతే ఆమెకు ఆ పని ఉండదు.

రంగస్వామి ఆమె తల దగ్గరికి జరిగాడు. చల్లబడిన ఆమె చేతిని అందుకుని, ఆ వేలితోనే తన రెప్పను పైకెత్తుకుని చూశాడు.