అంచుకు ఎర్రదారం

"కాకా, పనివాళ్ళ గేటు వెనకవైపు. ఇటు కాదు," అంది సుమన హిందీలో, సూరత్ కాలేజీ గేటు దగ్గర స్వాగతం బల్ల వెనక నుంచి.

మాసిన చొక్కా, తలనిండా నూలు నూగు. ఆ మనిషి చంకలో ఫైలుతో అక్కడే ఆగిపోయాడు.

ఆమె మెడలోని కార్డు మీద పేరు చదివాడు. ముఖం విప్పారింది. తెలుగులోకి దిగాడు.

"పాండేసరల ఆగయ్యన్న బిడ్డవే గదా? నా పక్క మగ్గమే మీ నాయనది!"

సుమన తల తిప్పి చూసింది. పక్కనే సంగీత ఉంది. పెద్ద బట్టల వ్యాపారి కూతురు, తెలుగు రాదు. మా నాన్న మిల్లులో మేనేజరని చేరిన మొదటిరోజే ఆమెకు చెప్పుకుంది సుమన.

"ఏమంటున్నాడే?" అంది సంగీత.

"ఏమో. ఏ భాషో!"

మనిషికీ మనిషికీ మధ్య దారం తెగడానికి అంత మాట చాలు.

అతనికి అర్థమైంది. చప్పున హిందీలోకి మారాడు.

"వినోద మేడం రమ్మన్నారమ్మా. ఇక్కడి ల్యాబులో మగ్గం నా చేతికి పాత చుట్టమే."

"మగ్గం రిపేరు ఇవాళ కాదు. సోమవారం రా. ఇవాళ తనిఖీ కమిటీ వస్తోంది."

బట్టల తయారీ మీద ఎం.ఎస్సీ. కోర్సు అది. నాణ్యత చూసిపోవడానికి వస్తోంది కమిటీ. సరేనంటే కోర్సు నిలుస్తుంది. కాదంటే గుర్తింపు పోతుంది, సుమన రెండేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

"నీ చేతికి పట్టా అస్తే సాలు బిడ్డా. మనింట్ల మగ్గం నాతోటే ఆఖరు," అంటాడు తండ్రి ఆగయ్య, షిఫ్టుకు పోతూ రోజూ.

అందుకే విద్యార్థుల అభిప్రాయాల ఖాళీ ఫారాలు నలభై తెచ్చి హెచ్.ఓ.డి. సార్ ముందర పెడితే, అన్నింట్లో 'చాలా బాగుంది' అని తనే నింపింది సుమన. ఒక్క లోపమూ కనబడకూడదని.

సంగీత ఆ మనిషి ఫైలు చూసి కిసుక్కున నవ్వింది. కాగితాల అంచులకు ఎర్రదారాలు వేలాడుతున్నాయి.

"కాకా, ఫైలుకు రాఖీలు కట్టావేంటి?"

అతనూ నవ్వాడు.

"రాఖీలు కాదమ్మా. బట్టలో తప్పు పడ్డచోట అంచుకు ఎర్రదారం కడతాం. తప్పు దాచామా, కొనే సేఠ్ థాను మొత్తం, చుట్టకు చుట్టే, వాపస్ పంపుతాడు. మనమే చూపిస్తే ఆ గజం కోసేసి మిగతాది తీసుకుంటాడు."

"మంచి పాఠమే! మా సార్లు కూడా ఇంత బాగా చెప్పరు," అంది సంగీత వెక్కిరింతగా.

ఇంతలో కమిటీ కార్లు వచ్చాయి.

"పక్కకు జరుగు కాకా, జరుగు!"

జరిగాడు. గోడ నీడలో గంటసేపు నిలబడ్డాడు. లోపలినుంచి ఎవరైనా వచ్చి పిలుస్తారేమోనని చూశాడు.

సంగీత మంచినీళ్ళకు వెళ్ళినప్పుడు మెల్లగా దగ్గరికొచ్చాడు.

"బిడ్డా, పన్నెండింటికల్ల మిషన్ మీద ఉండాలె. మా మిల్లు సేఠ్ రెండు గంటలే ఛుట్టీ ఇచ్చిండు. జర ఈ ఫైలు మేడంకియ్యి."

సుమన అందుకుంది. సంగీత వెళ్ళినవైపు చూసింది.

"భయపడకు. నువ్వు నన్ను ఎరుగనట్టున్నవని మీ నాయనకు చెప్ప."

వెళ్ళిపోయాడు. ఒక్కసారైనా వెనక్కి తిరుగుతాడేమోనని ఎందుకో చూసింది సుమన. తిరగలేదు.

ఫైలు బల్ల మీది పూలబుట్ట కిందికి తోసేసింది.

కాసేపటికి నేత పాఠాలు చెప్పే వినోద మేడం చెమటలు కక్కుతూ వచ్చింది.

"సుమనా, మన పాత విద్యార్థి ఎవరైనా వచ్చారా? కమిటీవాళ్ళు అడుగుతున్నారు."

"లేదు మేడం. కమిటీ తర్వాత కార్లేవీ రాలేదు."

"ఇరవైమందికి ఫోన్ చేశాను. వస్తానన్నది ఒక్కడే. ఇప్పుడు అతనూ ఫోన్ ఎత్తడం లేదు."

సాయంత్రం హాల్లో కమిటీ పెద్ద లేచాడు. ఫారాల కట్ట చేతిలోకి తీసుకున్నాడు.

"నలభైమంది. ఒకటే చేతిరాత. ఒక్క లోపం కూడా లేదట. తప్పులేని థాను నేనీ సూరత్‌లో ఇంతవరకు చూడలేదు."

కట్ట బల్ల మీద పెట్టాడు.

"మీ దగ్గర చదువుకుని, ఇదే పనిలో ఉండి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఒక్కడు కనబడ్డా ఆలోచించేవాళ్ళం. గుర్తింపు కొనసాగించమని రాయలేం."

కార్లు వెళ్ళిపోయాయి. సంగీత కూడా తన కారులో వెళ్ళిపోయింది, పోతున్నానని చెప్పనైనా చెప్పకుండా. ఆమెకేం, ఇంకో కోర్సు దొరుకుతుంది.

సుమనకు ఇల్లు గుర్తొచ్చింది. ఈపాటికి నాన్న షిఫ్టు దిగి, చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడి ఉంటాడు, ఏమైందో అడగడానికి.

బల్ల సర్దుతుంటే వాడిపోయిన పూల కింద ఫైలు తగిలింది.

విప్పింది. తొమ్మిది ఎర్రదారాలు. ఒక్కో దారం దగ్గర ఒక్కో తప్పు.

'మగ్గాలు పాతవి.'

'రెండు సబ్జెక్టులకు టీచర్లు లేరు.'

'చదివినవాళ్ళకు ఉద్యోగాలు రాలేదు.'

చదువుతూ సుమన పేజీలు తిప్పింది. చివరి పేజీకి దారం లేదు.

'ఇన్ని తప్పులున్నాయి. అయినా నూలు మంచిది. నేర్పిన చెయ్యి మంచిది. తప్పున్న గజం కోయండి. థాను మొత్తం వాపస్ పంపకండి.'

దాని కింద, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం ఉంది: 'పరుశురాం, ఎం.ఎస్సీ., ఈ కోర్సు మొదటి బ్యాచ్, బంగారు పతకం. ప్రస్తుతం పాండేసరలో మగ్గం కార్మికుడు.'