పేర్ల కోసం వచ్చిన మనిషి

“ఆ పలక మీంచి దిగండి! దిగండి!”

ముసలాయన కేకకి పన్నెండుమందీ ఉలిక్కిపడ్డారు. ఒకావిడ చేతిలోని నీళ్లసీసా జారి దొర్లుకుంటూ పోయింది.

అలేగ్రా పళ్లు బిగపట్టింది. మళ్లీ ఈయనే.

ఆదివారం పొద్దున్నే గ్రీసులోని తెస్సలోనికి ఊళ్లో యూదులు బతికిన వీధుల్ని నడిపించి చూపించడం ఆమె పని. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు దాదాపు యాభై వేలమందిని రైళ్లెక్కించి చావుకు పంపితే, తిరిగొచ్చిన కొద్దిమందిలో ఆమె తాతయ్య ఒకడు.

నాలుగు వారాలుగా ఈ ముసలాయన నడక వెనకాల చేరుతున్నాడు. ఎవరూ పిలవలేదు. ఎనభై దాటిన వయసు, సున్నం తిన్న వేళ్లు, జేబులో సగం కొరికిన నువ్వుల రొట్టె. అనెస్తిస్ అని పేరు తప్ప ఇంకేమీ చెప్పడు.

“ఏమైంది పెద్దాయనా?”

“అది మెట్టు కాదు తల్లీ. సమాధిరాయి. అంచు చూడు, పువ్వు చెక్కి ఉంది.”

అలేగ్రా వంగి చూసింది. నిజమే. ఆరేళ్లుగా ఆ రాయి మీదే జనాన్ని నిలబెట్టి కథలు చెప్పింది.

సిగ్గేసింది. సిగ్గు కాస్తా కోపమైంది.

“చూశారుగా,” అంది జనం వైపు తిరిగి. “మా శ్మశానంలో మూడు లక్షలకు పైగా సమాధులుండేవి. యుద్ధంలో కూలగొట్టారు. రాళ్లన్నీ ఊరివాళ్లే పట్టుకుపోయారు. గోడలు కట్టుకున్నారు, పెరళ్లలో పరుచుకున్నారు. కాపాడినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.”

“అందరూ అలా చెయ్యలేదమ్మాయ్,” అన్నాడు అనెస్తిస్ మెల్లగా.

“అలాగా? కాపాడినవాడెవడో పేరు చెప్పండి, వింటాం.”

ఆయన నోరు తెరిచాడు. పన్నెండు మొహాలూ తననే చూస్తున్నాయి. మళ్లీ మూసుకున్నాడు.

“చెప్పలేరు. ఉంటే కదా! ముందు మీ ఇల్లు ఎవరి రాళ్లతో కట్టారో చూసుకోండి.”

ఒక ఫ్రెంచాయన తల పక్కకి తిప్పుకున్నాడు.

“నీ కోపం న్యాయమే తల్లీ.” ముసలాయన టోపీ తీశాడు. “దీని మీద పేరేముందో ఒక్కసారి చదివిపెడతావా?”

అరిగిపోయిన అక్షరాల్ని వేలితో తడుముతూ, జనం కోసమని చదివింది. “సినోరు. మొయిసే కూతురు.”

“సినోరు...” అని గొణుక్కుంటూ ఆయన వీధి దిగి వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. అమ్మయ్య అనుకుంది అలేగ్రా.

ఆ తర్వాతా రాలేదు. ఈసారి అలా అనుకోలేకపోయింది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

మూడో ఆదివారం, నల్లబట్టలు కట్టుకున్న ఒకావిడ చేతిలో డబ్బాతో ఎదురుచూస్తోంది.

“నా పేరు ఎవాంథియా. అనెస్తిస్ మేస్త్రీ కూతుర్ని. నాన్న పోయి తొమ్మిది రోజులైంది. ఇది ఆయన పేరున అందరికీ పంచే ఉడికించిన గోధుమ. మీకు ఇవ్వాలనిపించింది.”

అలేగ్రా రెండు చేతులతో డబ్బా అందుకుంది.

“నడక అయ్యాక ఒకసారి మా ఇంటికొస్తారా? పైపేటలోనే.”

ఆ ఇంటి పెరట్లో రేకులషెడ్డు ఉంది. షెడ్డు నిండా సమాధిరాళ్లు. కడిగి, కింద గోనెపట్టా వేసి, గోడకి ఆనించి నిలబెట్టినవి. ఎనభై మూడు.

“ఎక్కడివి ఇవి?” అంది అలేగ్రా.

“ఊళ్లో ఏ పాతగోడ కూల్చినా ఒకటో రెండో బయటపడేవి. పగలగొట్టి పునాదిలో వెయ్యమనేవారు కంట్రాక్టర్లు. సరేననేవాడు. గోనెల కింద దాచి తోపుడుబండి మీద తెచ్చుకునేవాడు. బండి లేనినాడు వీపు మీదే. నడుం ఆ రోజుల్లోనే పోయింది.”

“మావాళ్లకి అప్పగించి ఉండొచ్చుగా?”

“మొదట భయం, పని దొరకదని. తర్వాత సిగ్గు. ఇన్నేళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలి? మీతో చెప్పాలనే ప్రతి ఆదివారం బయల్దేరేవాడు. ‘ఇవాళా నోరు రాలేదే’ అంటూ తిరిగొచ్చేవాడు.”

“ఆ రోజు నేను ఆయన్ని నానా మాటలూ అన్నాను.”

“చెప్పాడు. కోపమేం లేదు. ‘ఆ పిల్ల చదువుతుంటే రాళ్లు మనుషులైపోతాయే’ అని మురిసిపోయేవాడు. ఆయనకి మీ హీబ్రూ అక్షరాలు రావుగా! యాభై ఏళ్లు కడిగాడు గానీ, ఎవరెవరిని కడుగుతున్నాడో తెలీదు.”

అలేగ్రా మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి రాయి నుంచి చదవడం మొదలుపెట్టింది. పైకే చదివింది, ఎవరో వింటున్నట్టు. ఎండ షెడ్డు దాటిపోయేదాకా చదివింది.

కబురందిన యూదుల సంఘంవాళ్లు లారీ పంపారు. మోయడానికి ఆదివారం నడకకి వచ్చినవాళ్లూ చెయ్యి వేశారు. పదకొండుసార్లు తిరిగింది లారీ. యూదుల కొత్త శ్మశానంలో చివరి రాయి దించాక, అలేగ్రా ఎవాంథియా చేతులు రెండూ పట్టుకుంది.

“మీ నాన్నగారికి ఇంకా రాయి పెట్టలేదట. నన్ను పెట్టించనిస్తారా?”

“ఇప్పుడు పెట్టొచ్చు,” అంది ఎవాంథియా కళ్లు తుడుచుకుంటూ. “‘వీళ్లంతా ఇల్లు చేరాకే నాకు రాయి, వరసలో నేను ఆఖరివాణ్ణి’ అని నా చేత ఒట్టు వేయించుకుని మరీ పోయాడు.”