చివరి అయిదు నిమిషాల లెక్క

"తొమ్మిదిని తీసెయ్యండి సార్."

కోచ్‌కి తాగుతున్న మంచినీళ్లు పొలమారాయి. "నీకేమైనా మతి పోయిందా?"

లెక్కలమ్మాయి లాప్‌టాప్‌ని ఆయన వైపు తిప్పింది.

అది కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు గది. ఇంకో మూడు గంటల్లో ఫైనల్. బయట బస్సు సిద్ధంగా ఉంది. మైదానంలోకి దిగే అయిదుగురి జాబితా మీద కోచ్ సంతకం పెట్టడమే తరువాయి.

ఆ గదిలో ఒక కట్టుబాటుంది. ఎవరి పేరూ ఎత్తకూడదు, తన ఆట సంగతైనా సరే జెర్సీ నంబరే చెప్పాలి. పేరు చెబితే మనిషి గుర్తొస్తుంది, మనిషి గుర్తొస్తే జాలి పుడుతుంది, జాలిపడితే జట్టు మునుగుతుంది అని కోచే పెట్టిన రూలు. నోరు జారితే మైదానం చుట్టూ పది రౌండ్లు. కిందటి నెల ఆయనే నోరు జారాడు. అంత బొజ్జేసుకుని రొప్పుతూ రోజుతూ పరిగెత్తాడు పాపం. అమ్మాయిలు ఒక్క రౌండు కూడా తగ్గనివ్వలేదు.

స్టాటిస్టిక్స్ చదువుతోంది కాబట్టి ఆ అమ్మాయి అందరికీ లెక్కలమ్మాయి అయింది. సీజన్‌లో ఆడిన పద్దెనిమిది మ్యాచ్‌ల వీడియోలూ ఆపి ఆపి చూసింది. బంతి ఎవరు ఎక్కడినుంచి వేశారు, ఎవరికి అందించారు, ఎప్పుడు పోగొట్టారు, అన్నీ రాసి పెట్టింది.

"మ్యాచ్‌కి ఇరవై పాయింట్లు తెచ్చే పిల్లని తీసెయ్యమంటావేంటమ్మా? వినేవాళ్లు నవ్వుతారు."

"ఆ ఇరవై చూసే ఇన్నాళ్లూ మురిసిపోయాం సార్. ఇది చూడండి. మనం ఓడినవి ఏడు. అందులో అయిదు చివరి అయిదు నిమిషాల్లో చేజారాయి. ఆ నిమిషాల్లో తొమ్మిది బుట్టకేసి ముప్ఫై ఒక్కసార్లు విసిరింది. పడినవి నాలుగు."

కోచ్ లేచాడు. కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు.

"పన్నెండు సంగతి చూడండి. అంత పొడుగు పిల్ల, బుట్ట కింద చేతులెత్తుకుని నిలబడే ఉంది. ఆ టైములో ఆమెకి బంతి అందింది మూడంటే మూడుసార్లు. మూడూ వేసింది. బుట్టకి తగిలి వెనక్కొచ్చే బంతి పట్టడంలో మనల్ని కొట్టేవాళ్లు లేరు. డిఫెన్స్ బ్రహ్మాండం. తొమ్మిదికి అయిదు ఫౌల్స్ పడి బయటికొచ్చేసిన మ్యాచ్‌లు మూడున్నాయి. మూడూ గెలిచాం."

"తొమ్మిదంటే నీకు మొదట్నుంచీ పడదు," అన్నాడు కోచ్. కోపం ఆగలేదు ఆయనకి. "అందరి తప్పులూ మామూలుగా రాస్తావు. ఆ పిల్లవి మాత్రం ఎర్రరంగులో పెడతావు."

"ఎక్కువున్నాయి కాబట్టి."

"అంటే పొగరంటావా?"

"కాదు సార్, భయం. ఓడిపోతామేమోనని భయం. భయమేస్తే ఇంకెవర్నీ నమ్మదు, బంతి వదలదు."

బయట డ్రైవర్ హారన్ కొట్టాడు.

"సరే, మధ్యేమార్గం. మూడు క్వార్టర్లు ఆడించి చివర్లో కూర్చోబెడదాం."

"రెండుసార్లు చూశారు కదా సార్. మీరు గొంతు చించుకుని పిలిచినా వినపడనట్టు నటించింది."

నిజమే, నటించింది. కోచ్ కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు. మొదటి సంవత్సరం బంతి తిన్నగా పట్టుకోవడం కూడా రాని పిల్ల. తెల్లారుజామున లేపి, తిట్టి, బుజ్జగించి ఆయనే ఇంతదాన్ని చేశాడు. కూర్చోబెట్టడానికి ప్రాణం ఒప్పడం లేదు.

"ఇవాళ ఎవరొస్తున్నారో తెలుసా? జాతీయ జట్టు సెలెక్టర్లు. తొమ్మిది కోసమే వస్తున్నారు. కాలేజీలో ఇదే ఆఖరి సంవత్సరం. ఇవాళ బెంచీ మీద కూర్చుందంటే మళ్లీ వాళ్ల కంట పడేదెప్పుడు?"

"తెలుసు సార్."

"వాళ్లమ్మ కూడా వస్తోంది. సెలవు పెట్టుకుని మరీ. కూతురి ఆట చూడ్డం ఇదే మొదటిసారట."

లెక్కలమ్మాయి పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. "అదీ తెలుసు. మిగతా పదకొండు మందికీ అమ్మలున్నారు సార్."

కోచ్ కుర్చీలో కూలబడి జాబితా ముందుకు లాక్కున్నాడు. రెండో హారన్ మోగింది. ఈసారి అమ్మాయిల కేకలు కూడా వినిపించాయి.

"మధ్యలో వచ్చి ఆటలోకి దించమని అడిగితే?"

"అడుగుతుంది. కాళ్లావేళ్లా పడుతుంది. ఏడుస్తుంది కూడా. మీరు మాత్రం దించొద్దు."

"జన్మలో నన్ను క్షమిస్తుందా?"

"కొన్నాళ్లు తిట్టుకుంటుందేమో సార్."

కోచ్ తొమ్మిది అంకె మీద గీత కొట్టాడు. పక్కన నాలుగో నంబరు వేసి, కింద సంతకం పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"పద," అన్నాడు చివరికి, ఆమె మొహం చూడకుండా.

లెక్కలమ్మాయి లాప్‌టాప్ మూసి, తన ఒంటి మీదున్న తొమ్మిదో నంబరు కనపడకుండా ట్రాక్‌సూట్ జిప్పు గొంతుదాకా లాక్కుని, బస్సు వైపు నడిచింది.